కె.జి.ఎఫ్‌కు దీపం పెట్టిందెవరు?

పలమనేరు వదిలి కోలార్ జిల్లాకు వచ్చి స్థిరపడినప్పటి నుంచీ మావాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: "అంత బంగారం తవ్విన ఊరికి నీళ్ళకూ రోడ్లకూ డబ్బు లేకపోవడమేమిటి?" ఈ ఊళ్ళో ఏ పనికి ఎవరు డబ్బు పెట్టారో, ఎలా రాబట్టుకున్నారో చెబితేగానీ దీనికి జవాబు దొరకదు.

1880లో కె.జి.ఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) గనుల నిర్వహణ లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ చేతికి వచ్చింది. ఇంగ్లండులో వాటాలు అమ్మగా వచ్చిన సొమ్ముతో షాఫ్టులు, మిల్లులు, దొరల బంగళాలు, ఆసుపత్రి లేచాయి. లాభాలు వాటాదారులకు వెళ్ళాయి. మైసూరు సంస్థానానికి బంగారం విలువలో నూటికి 5 చొప్పున రాయల్టీ దక్కింది.

సంస్థానం ఆ రాబడిని చూసుకుని ఊరుకోలేదు. 1894కల్లా బౌరింగ్‌పేట, అంటే నేటి బంగారపేట, నుంచి మారికుప్పం దాకా రైలు పడింది. ఆ తర్వాత అంతకంటే పెద్ద సాహసం కరెంటు. గనుల్లో ఆవిరి యంత్రాలకు బొగ్గు ఎంతో దూరం నుంచి రావాలి, ఆ ఖర్చు భరించలేనిది. కావేరి మీద శివనసముద్రం దగ్గర విద్యుత్తు తీసి 92 మైళ్ళ తీగ మీద పంపవచ్చని ఇంజనీరు జోలీ డి లాట్‌బినియర్ లెక్క కట్టాడు. దివాన్ శేషాద్రి అయ్యర్ దాన్ని నమ్మాడు. అయితే ఖజానా తెరవకముందే గనుల కంపెనీల చేత కరెంటు కొంటామని ఒప్పందం చేయించాడు. కొనేవాడు ఖాయమయ్యాకే అమెరికా జనరేటర్లు, స్విట్జర్లాండ్ టర్బైన్లు ఇక్కడికి వచ్చాయి. 1902 జూన్ 30న గనులకు కరెంటు అందింది. అప్పటికి శేషాద్రి అయ్యర్ కన్నుమూసి ఏడాది కావస్తోంది. బెంగళూరు వీధిదీపాలు వెలిగింది 1905లో, గనుల తర్వాతే.

ఈ పద్ధతిని మనం మెచ్చుకోవాలి. వాడుకునేవాడే కరెంటు ధర రూపంలో ఖర్చు మోశాడు, ఆస్తి మాత్రం సంస్థానం పేరనే ఉంది. గని మూతపడినా శివనసముద్రం ఇంకా కరెంటు ఇస్తూనే ఉంది.

ఊరి విషయంలో మాత్రం అలా జరగలేదు. బేతమంగళం చెరువు నుంచి నీళ్ళు వచ్చాయి, రాబర్ట్‌సన్‌పేట వీధులు తీర్చిదిద్దారు. కానీ ఇళ్ళు, ఆసుపత్రి, మరమ్మతులు చాలామటుకు గని చేతిలోనే ఉండిపోయాయి. గనులను 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం తీసుకున్నాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి తవ్వడం గిట్టుబాటు కాక 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. జీతాలు ఆగిన రోజే ఊరి పోషకుడూ పోయాడు. మిగిలినవి తుప్పుపట్టిన షాఫ్టు టవర్లు, బంగారం తీయగా మిగిలి, ఎండాకాలం గాలికి ధూళి లేపే సయనైడ్ మట్టి దిబ్బలు. ఇప్పుడు తెల్లారకముందే మారికుప్పం రైలు బెంగళూరు కూలీనాలీకి వెళ్ళేవాళ్ళతో నిండిపోతుంది. వాళ్ళ శ్రమతో పెరిగేది బెంగళూరు. ఇక్కడి మున్సిపాలిటీకి ఇంటిపన్ను, నీటిపన్ను, పైనుంచి వచ్చే గ్రాంట్లే ఆధారం. వాటితో కొత్త పైపులైను వేయడం ఎంత కష్టమో మన మున్సిపాలిటీల్లో పనిచేసినవారికి చెప్పక్కర్లేదు.

2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. లీజుదారు రాయల్టీకి తోడు అందులో 10 లేదా 30 శాతం గని ప్రాంతం కోసం ఈ ఫౌండేషన్‌కు కట్టాలి. కె.జి.ఎఫ్ మూతపడిన పద్నాలుగేళ్ళకు వచ్చిన ఈ నియమం ఒక శతాబ్దం ముందే ఉంటే ఇక్కడి వీధులు వేరేగా ఉండేవి. సింగరేణి బొగ్గుగనుల ఊళ్ళలో, ముగ్గురాయి గనులున్న మంగంపేటలో ఉన్న మనవాళ్ళకు ఇంకా అవకాశం ఉంది. ఆ ఫౌండేషన్ల నిధి లెక్కలు అడగండి. తాగునీటికి, మురుగు కాల్వలకు, గని పోయినా నిలిచే పనులకు ఖర్చు చేయించండి. అవి ఊరి పేరనే ఉండేలా చూడండి.