జగిత్యాల, సిరిసిల్ల: జిల్లాల విభజన, స్థానిక పాలన

2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. కరీంనగర్ నుంచి జగిత్యాల (కోరుట్లతో సహా), రాజన్న సిరిసిల్ల విడిపోయాయి. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన కొత్త జిల్లాల ముసాయిదాలో సిరిసిల్ల పేరు లేదు; జనం ఆందోళనకు దిగాకే చేరింది. కలెక్టరేట్ దగ్గరైంది, ఇది చిన్న మేలు కాదు. అయితే కలెక్టర్ ప్రభుత్వం నియమించే అధికారి, ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధి కాడు. ఆఫీసు దగ్గరకు రావడం వేరు, అధికారం చేతికి రావడం వేరు.

కొత్త జిల్లాలకు సొంత జిల్లా పరిషత్తులు 2019 ఎన్నికలతోనే ఏర్పడ్డాయి. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు 29 అంశాలను సూచించినా, ఏవి, ఎంత బదలాయించాలో తేల్చేది రాష్ట్రమే. 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచును సస్పెండ్ చేసే అధికారాన్ని కలెక్టర్‌కిచ్చింది. 2024 ఫిబ్రవరిలో పంచాయతీల గడువు ముగిశాక పల్లెలను ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారులు నడిపారు.