నవ్వెవరిది? నవ్వులపాలెవరు?
తెలుగు హాస్యచిత్రాలూ రాయలసీమా

మన విమర్శకులు కన్నీటికి ఇచ్చిన గౌరవం నవ్వుకు ఇవ్వలేదు. విషాదాంత చిత్రం మీద వ్యాసాలు పుంఖానుపుంఖంగా వస్తాయి. హాస్యచిత్రం మాత్రం "కాలక్షేపం" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవలసి వస్తుంది. కానీ ప్రజలు దేనికి నవ్వుతున్నారో తెలియకుండా వాళ్ళు దేన్ని సహిస్తున్నారో, దేన్ని సహించలేకపోతున్నారో తెలుసుకోవడం సాధ్యం కాదు. అందుకే తెలుగు హాస్యచిత్రం నవ్వును ఎలా పుట్టిస్తుందో, ఆ నవ్వు ఎవరి పక్షాన నిలబడుతుందో బద్వేలు ప్రాంతం నుంచి చూసి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నవ్వుకు తరతమ భేదాలు కల్పించడం ఈనాటిది కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు రకాలు చేశాడు. పెదవి కదిలీ కదలని స్మితం, పళ్ళు కాస్త కనిపించే హసితం ఉత్తములకు. విహసితం, ఉపహసితం మధ్యములకు. కళ్ళనీళ్ళు పెట్టుకుని ఒళ్ళు ఊగిపోయేలా నవ్వే అపహసితం, అతిహసితం అధములకు కేటాయించాడు. అంటే కడుపారా నవ్వేవాడు శాస్త్రం దృష్టిలో తక్కువవాడు. ఈ శాస్త్రాన్ని మన పల్లెలు ఎన్నడూ ఖాతరు చెయ్యలేదు. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ ఎంత గంభీరంగా యుద్ధం చేసినా, మధ్యలో కేతిగాడూ, జుట్టుపోలిగాడూ, బంగారక్కా వచ్చి ఊరి సంగతులు ఎత్తుకుంటే తప్ప జనానికి తృప్తి ఉండేది కాదు. రాజుగారి సభలో ఎవరూ అనలేని మాట కేతిగాడు అనేవాడు. సినిమాకు మన హాస్యం సంక్రమించింది శాస్త్రం నుంచి కాదు, ఈ తెర వెనక దీపం నుంచి. నేలటిక్కెట్టు కొన్నవాడు ఒళ్ళు మరిచి నవ్వినప్పుడు భరతుని వర్గీకరణ తలకిందులయింది.

ఇక్కడ చరిత్రలో ఒక విచిత్రం ఉంది. తెలుగు సినిమా నవ్వుకు గట్టి పునాదులు వేసినవారిలో సీమ బిడ్డలు చాలామంది ఉన్నారు. బి.ఎన్‌.రెడ్డి, బి.నాగిరెడ్డి సోదరులది మా కడప జిల్లా పులివెందుల ప్రాంతం. కె.వి.రెడ్డిది అనంతపురం జిల్లా తాడిపత్రి. పద్మనాభం 1931లో కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టాడు. రమాప్రభది కదిరి. కరువు సీమ ఇంతమంది నవ్వించేవాళ్ళను కన్నది. కానీ వాళ్ళు నిర్మించిన తెర మీద మాత్రం సీమ మాట చాలా ఏళ్ళు వినిపించలేదు. పెట్టుబడీ, దర్శకత్వమూ ఇక్కడివారివైనా కలం సాధారణంగా కోస్తా జిల్లాలది. విజయా సంస్థలో నాగిరెడ్డికి జతగా నిలిచిన చక్రపాణిది తెనాలి. తెలుగు ప్రేక్షకుడు కృష్ణా, గుంటూరు పలుకుబడిలో నవ్వడం నేర్చుకున్నాడు.

ఆ నవ్వు ఎలా తయారయిందో చూడాలంటే 1957లో వచ్చిన 'మాయాబజార్‌'ను మించిన పాఠం లేదు. మనం మాట్లాడేటప్పుడు పులీ గిలీ, చీరా గీరా అంటాం. ఆ రెండో మాటకు అర్థం ఉండదు. పింగళి నాగేంద్రరావు ఆ అర్థం లేని మాటకే ఒక వస్తువును సృష్టించాడు. తల్పం ఉంటే గిల్పం ఉండాలి, కంబళి ఉంటే గింబళి ఉండాలి. ప్రతి ఇంట్లో రోజూ దొర్లే మాట తెర మీద ప్రాణం పోసుకునేసరికి, చదువు రానివాడికి కూడా తన భాషలో తనకే తెలియని చమత్కారం కనిపించింది. ఆ గిల్పం గింబళులకు చిక్కి అవస్థ పడేది ఎవరు? దొరల ప్రాపకం కోసం పొగడ్తలు వల్లించే శర్మ, శాస్త్రి. అలాగే శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడుగా సావిత్రి నటన. సుకుమారమైన ఒంట్లో రాక్షసుడి నడక! పొంతన లేని రెండింటిని ఒకచోట చేర్చడం హాస్యానికి మూలసూత్రమని అలంకారికులు చెప్పేదే. కానీ ఆ పొంతనలేనితనం పెళ్ళికొడుకునని విర్రవీగే లక్ష్మణకుమారుణ్ణి హడలగొట్టడానికి ఉపయోగపడింది. అందులో ఉంది సామాన్యుడి సంతోషం.

అదే కె.వి.రెడ్డి 1954లో వాహినీ సంస్థకు తీసిన 'పెద్దమనుషులు' ఇంకో మెట్టు పైకెక్కింది. ఇబ్సెన్‌ 1877లో రాసిన 'పిల్లర్స్‌ ఆఫ్‌ సొసైటీ' దానికి ప్రేరణ. మునిసిపల్‌ ఛైర్మన్‌ ధర్మారావు ఊరికి ధర్మమూర్తి, లోపల మాత్రం దుర్మార్గుడు. ఈ మాట అనగలిగినవాడు ఊరంతటిలో ఒక్కడు, రేలంగి వేసిన తిక్క శంకరయ్య. తిక్కవాడు కనక అతనికి ఆ స్వేచ్ఛ దొరికింది. కేతిగాడి వేషమే ఇది. సత్యం చెప్పడానికి పిచ్చివేషం వెయ్యక తప్పని సమాజం మీద అంతకు మించిన వ్యాఖ్యానం ఏముంటుంది? ప్రజానాట్యమండలి ఉద్యమాన్ని నడిపిన డాక్టర్‌ గరికపాటి రాజారావు తీసిన 'పుట్టిల్లు'తో అల్లు రామలింగయ్య సినిమాల్లోకి రావడం కూడా ఆ కాలపు ముచ్చటే. ప్రజా కళలకూ తెర హాస్యానికీ మధ్య అప్పట్లో రాకపోకలుండేవి.

పద్మనాభం ఈ రెండు ధోరణుల మధ్య పెరిగినవాడు. 'షావుకారు' (1950)లో పోలయ్య, 'పాతాళభైరవి' (1951)లో నేపాళ మాంత్రికుడి శిష్యుడు సదాజప. ఈ పాత్రల స్వభావం గమనించండి. సదాజప గురువుకు భయపడతాడు. ఆ వణుకు చూసి మనం నవ్వుతాం. ఎందుకు? దొర ముందు, అధికారి ముందు, వడ్డీవ్యాపారి ముందు వణికే అనుభవం మనందరికీ ఉంది. మన భయాన్ని ఇంకొకడి ఒంటి మీద చూసుకుని, క్షణకాలం దాన్నుంచి బయటపడతాం. ఇది హాస్యానికున్న గొప్ప ఉపశమన శక్తి. దాని ప్రమాదం కూడా ఇదే. వణికేవాణ్ణి చూసి నవ్వడానికి అలవాటు పడినవాడు వణికించేవాడి సంగతి మరిచిపోయే అవకాశం ఉంది.

పద్మనాభం అక్కడ ఆగిపోలేదు. స్వయంగా నిర్మాత అయ్యాడు. 'దేవత' (1965), 'పొట్టి ప్లీడరు' (1966), 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' (1967) తీశాడు. గాయకుడు ఎస్‌.పి.బాలసుబ్రహ్మణ్యం పరిచయమైంది ఈ చివరి చిత్రంతోనే. ఇవన్నీ ఒక ఎత్తు, 1970లో తానే దర్శకత్వం వహించి తీసిన 'కథానాయిక మొల్ల' ఒక ఎత్తు. మొల్లది మా బద్వేలు పక్కనున్న గోపవరమని ఈ ప్రాంతంలో గట్టి నమ్మకం. ఆమె తన రామాయణంలో గోపవరపు శ్రీకంఠమల్లేశ్వరుణ్ణి తలచుకున్నది. ఆమె స్థలకాలాల గురించి పండితుల్లో వాదాలున్నాయి. రాయల ఆస్థానంలో పండితులు ఆమెను గేలిచేశారన్నది చరిత్ర కాదు, జనం చెప్పుకునే కథ. అయినా ఆ కథ ఊరికే పుట్టలేదు. కుండలు చేసుకునే కులంలో పుట్టిన ఆడది కావ్యం రాస్తే నవ్వేవాళ్ళు ఉంటారని జనానికి అనుభవం మీద తెలుసు. జీవితమంతా నవ్వించడానికి తెర మీద నిలబడ్డ నటుడు, నవ్వులపాలు చెయ్యబడిన కవయిత్రిని కథానాయికగా నిలబెట్టడం నాకు యాదృచ్ఛికంగా తోచదు. వాణిశ్రీ మొల్లగా నటించిన ఆ చిత్రానికి బంగారు నంది వచ్చింది.

దీని పక్కన 1986 నాటి 'చంటబ్బాయ్‌'ని పెట్టి చూడండి. జంధ్యాల హాస్యానికి నేనూ అభిమానినే. కానీ అందులో శ్రీలక్ష్మి వేసిన పాత్ర, రచయిత్రి కావాలని ఉబలాటపడి పత్రికా సంపాదకుణ్ణి తన రాతలతో వేధించే ఆడది. ఆ సన్నివేశాలకు హాలు దద్దరిల్లింది. మగవాడు చెత్త రాసి సంపాదకుణ్ణి వేధించడం మన సాహిత్యంలో కొత్త కాదు, అయినా వెక్కిరింపు ఆమె పాలయింది. సూర్యకాంతం గయ్యాళితనం దగ్గర నుంచి రమాప్రభ హాస్యపు జంట పాత్రల దాకా ఎంతో ప్రతిభ ఉన్న నటీమణులకు మన తెర ఇచ్చిన చోటు ఎంత ఇరుకో ఆలోచించాలి.

అదే జంధ్యాల 1987లో 'అహ నా పెళ్ళంట'లో ఇంకో దారి పట్టాడు. కోట శ్రీనివాసరావు వేసిన లక్ష్మీపతి పరమ పిసినారి. కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. ఇది అతిశయోక్తి. ఒక గుణాన్ని పట్టుకుని సాగదీసి, సాగదీసి, అది యంత్రంలా మారేదాకా పోవడం. ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సన్‌ 1900లో నవ్వు మీద రాసిన గ్రంథంలో చెప్పింది ఇదే: మనిషి యంత్రంలా ప్రవర్తించినప్పుడు మనం నవ్వుతాం. అయితే గంజికేంద్రాల ముందు బారులు తీరిన జ్ఞాపకం ఉన్న సీమలో ఆ నవ్వుకు ఇంకొక అర్థం ఉంది. లేక తిననివాడి మీద నవ్వు రాదు. ఉండీ తిననివాడి మీద, తిననివ్వనివాడి మీద వస్తుంది. వంటింట్లో దొంగతనంగా తినే పనివాణ్ణి పట్టుకుని కొట్టి నవ్వించే సన్నివేశాలకూ దీనికీ ఉన్న తేడా కేవలం అభిరుచికి చెందింది కాదు.

ఇక సీమ మాట సంగతి. అది తెర మీదికి జోరుగా వచ్చింది 1990ల చివర. 'ప్రేమించుకుందాం రా' (1997), 'సమరసింహారెడ్డి' (1999) చిత్రాలతో. అప్పటి కర్నూలు జిల్లా సిరివెళ్ళకు చెందిన జయప్రకాశ్‌రెడ్డి, మావంటి ఉపాధ్యాయుడే, మన యాసను ఎంతో సహజంగా పలికాడు. కానీ ఆ యాసకు దొరికింది బాంబులు వేసే దుర్మార్గుడి నోరు. తర్వాత అదే యాస హాస్యానికి సరుకయింది. మొదట భయపెట్టారు, తర్వాత ఆ భయాన్నే ఎగతాళి చేశారు. ఈ రెంటి మధ్యా వేరుశెనగ రైతు, బోరుబావి తవ్వించి అప్పుల్లో మునిగినవాడు, గల్ఫుకు పోయిన తల్లి ఎక్కడా కనిపించరు. మా బడిలో పిల్లలు ఫోన్లలో చూసిన హాస్యపు తునకలు అప్పజెబుతుంటారు. వాటిలో మా యాస వస్తే పడీపడీ నవ్వుతారు. పాఠం చదవమంటే ఆ యాస నోట రాకుండా జాగ్రత్తపడతారు. తన మాట మీద తానే నవ్వడం నేర్చుకున్న పిల్లవాడు ఏం పోగొట్టుకుంటున్నాడో మనం లెక్క కట్టలేదు.

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2010లో, పద్మనాభం చనిపోయిన సంవత్సరమే, రాజమౌళి 'మర్యాద రామన్న' వచ్చింది. బస్టర్‌ కీటన్‌ 1923లో తీసిన 'అవర్‌ హాస్పిటాలిటీ' దానికి ఆధారం. పగబట్టిన ఇంటికే అతిథిగా వెళ్ళిన పిరికివాడు. గడప లోపల రక్తం చిందకూడదన్న ఆచారం. హాస్యనటుడు సునీల్‌ అందులో కథానాయకుడు. కొడవలి పట్టే వీరుడు కాదు, బతకాలనుకునే మామూలు మనిషి అతను. పగను ఆచారంగా మోసేవాళ్ళ మీద నవ్వు పుట్టింది కానీ, సీమలో పుట్టినందుకు కాదు. కొంతవరకు ముఠా కథల మూస అందులోనూ ఉంది. అయినా చావుకు భయపడే హక్కు సీమవాడికీ ఉందని ఒప్పుకున్న చిత్రం అది.

"పగలంతా ఒళ్ళు హూనం చేసుకున్న కూలీ రెండుగంటలు నవ్వుకుంటే మీకేం బాధ? నవ్వుకూ లెక్కలేనా?" అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నవ్వు శ్రమజీవి హక్కు. నేను అతన్ని నవ్వొద్దనడం లేదు. ఆ నవ్వు అతని మీదికే తిప్పి అమ్ముతున్న సందర్భాలను చూపిస్తున్నాను. తెర మీద తిక్క శంకరయ్యను చూసి నవ్విన కూలీ తల ఎత్తుకుని ఇంటికి పోయాడు. తనలాంటి పనివాడు దెబ్బలు తింటుంటే నవ్వినవాడు, మర్నాడు దొర తిట్టినప్పుడు పక్కవాళ్ళ నవ్వును కూడా భరించవలసి వచ్చింది.

హాస్యచిత్రాన్ని విమర్శించేటప్పుడు మనం అడగవలసిన ప్రశ్నలు పెద్దవేం కావు. నవ్వింది ఎవరు, నవ్వులపాలయింది ఎవరు, వాళ్ళిద్దరిలో అధికారం ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్నలతో పాత చిత్రాలను మళ్ళీ చూడవలసిన పని మన మీద ఉంది. ముఖ్యంగా సీమ రచయితల మీద. మన యాసలో నవ్వించే మాటలు మన రచ్చబండల దగ్గర కొల్లలుగా ఉన్నాయి. కరువును వెక్కిరించినవి, కరణాన్ని వెక్కిరించినవి, చివరికి వాన దేవుణ్ణి కూడా విడిచిపెట్టనివి. వాటిని సేకరించి, రాసి, రేపటి తెరకు అందించే బాధ్యతను మనం తీసుకోకపోతే, మన నోటితో మనల్నే నవ్వులపాలు చేసేవాళ్ళు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు.