నీటిలో కరగని మందు నెత్తుటిలోకి ఎలా చేరింది?

మనం మింగిన మందు పనిచేయాలంటే ముందుగా అది కరగాలి. పేగులలోని ద్రవంలో అధికభాగం నీరే. ఆ నీటిలో కరగని మందు ఎంత శక్తిమంతమైనదైనా చాలావరకు మలంతోపాటు బయటకు పోతుంది. మందు మింగడం ఒక ఎత్తు, అది రక్తంలో చేరడం మరొక ఎత్తు. ఈ తేడా ఎంతటిదో గ్రహించడానికి సైక్లోస్పోరిన్ చరిత్రను మించిన ఉదాహరణ లేదు.

1969లో స్విట్జర్లాండ్‌కు చెందిన శాండోజ్ సంస్థ ఉద్యోగి ఒకరు నార్వేలోని హార్డంగర్‌విడ్డా పీఠభూమి నుండి కొంత మట్టి తెచ్చారు. ఆ మట్టిలోని ఒక శిలీంధ్రం నుండి లభించినదే సైక్లోస్పోరిన్. అది రోగనిరోధక వ్యవస్థను అదుపు చేస్తుందని 1972లో తేలింది. అవయవ మార్పిడికి అలాంటి మందే కావాలి. ఇతరుల మూత్రపిండాన్ని అమర్చితే శరీరం దానిని శత్రువుగా భావించి తిరస్కరించడమే నాటి వైద్యుల ప్రధాన సమస్య.

అయితే ఈ మందు నీటిలో దాదాపు కరగదు. పొడిగా గొట్టాలలో నింపి ఇస్తే రక్తంలో కనిపించలేదు. పరిశోధకుడు జీన్ బోరెల్ దానిని ఆల్కహాలు కలిసిన ద్రావణంగా తానే తాగి చూశారు. ఆయనకు కొంత మత్తెక్కింది. రక్తంలో మందు కూడా కనబడింది! లోపం మందులో లేదు, దానిని అందించే పద్ధతిలో ఉంది.

1978లో కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ బృందం మూత్రపిండ మార్పిడి రోగులకు ఈ మందు వాడింది. 1983లో నూనె ఆధారిత రూపానికి అమెరికా అనుమతి లభించింది. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కానీ నూనె జీర్ణం కావడానికి పైత్యరసం అవసరం. అందువల్ల కొందరు కాలేయ మార్పిడి రోగులలో మందు 10 శాతమైనా రక్తంలో చేరలేదు. కొందరు మూత్రపిండ రోగులలో 89 శాతం వరకు చేరింది. తక్కువైతే అమర్చిన అవయవం పోతుంది, ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. రోగి ప్రాణం ఈ రెంటి నడుమ ఊగిసలాడేది.

1995లో అమెరికాలో అనుమతి పొందిన నియోరల్ ఈ చిక్కును చాలావరకు తీర్చింది. ఇందులో నూనెతోపాటు, నూనెను నీటితో కలిపే పదార్థాలూ ఉంటాయి. కడుపులోని నీరు తగలగానే ఇది 100 నానోమీటర్లకన్నా చిన్న బిందువులుగా విడిపోతుంది. మిల్లీమీటరుకు పది లక్షల నానోమీటర్లని గుర్తుంచుకోండి. పైత్యరసం చేయవలసిన పనిలో అధికభాగం మందే చేసుకుంటుంది.

1990ల ఆరంభంలోనే ఘన కొవ్వుతో నానోకణాల తయారీ కూడా మొదలైంది. కొవ్వుతో కలిసిన కొన్ని మందులు శోషరస నాళాల ద్వారా ప్రయాణించి, కాలేయాన్ని తొలిదశలో తప్పించుకోగలవు. కోవిడ్ టీకాలలోని కొవ్వు నానోకణాలు సూదిద్వారా ఇచ్చేవి. నోటి మార్గంలో ఆమ్లాన్నీ, జీర్ణరసాలనూ దాటవలసి ఉంటుంది.

ఈ చరిత్ర మీకు చెప్పేదేమిటి? ఒకే మందు రెండు రూపాలలో ఉంటే అవి సమానమని అనుకోకండి. పాత సైక్లోస్పోరిన్ రూపానికి బదులు నియోరల్‌ను వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడరాదు. దుకాణంలో వేరే రకం ఇస్తే వైద్యుని అడగండి. భోజనానికి ముందా, తరువాతా అన్న సూచనను తేలికగా తీసుకోకండి. కరగని మందును కరిగించడానికి శాస్త్రం పడిన శ్రమ మీ అజాగ్రత్తవల్ల వృథా కారాదు.