చిత్రాంగి కోరిక, రాజుగారి కోరిక

సారంగధరుడి కథ మనలో చాలామందికి నాటకంగానో సినిమాగానో తెలుసు. రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజ నరేంద్రుడి చిన్నరాణి చిత్రాంగి. పావురం కోసం తన మేడకి వచ్చిన సవతికొడుకుని ఆమె కోరుకుంటుంది. అతను కాదంటాడు. తనమీద చెయ్యి వేశాడని ఆమె భర్తకి చెప్తుంది. రాజు కొడుకు కాళ్లూ చేతులూ నరికిస్తాడు.

నన్నయ చేత భారతం రాయించిన ఈ రాజుకి చరిత్రలో తెలిసిన రాణి రాజేంద్రచోళుడి కూతురు అమ్మంగదేవి. చిత్రాంగిని సృష్టించింది కథే. 15వ శతాబ్దంలో గౌరన చెప్పిన సారంగధరుడి కథని 17వ శతాబ్దంలో చేమకూర వెంకటకవి కావ్యం చేశాడు. ఆయన తంజావూరు రఘునాథ నాయకుడి ఆస్థాన కవి. రామభద్రాంబ, మధురవాణి లాంటి కవయిత్రులున్న కొలువది. అయినా చిత్రాంగి కోరిక మగవాడి కలం నుంచే మనకి అందింది.

అదే శతాబ్దంలో, 1677లో, ఫ్రాన్స్‌లో రాసీన్ ‘ఫెద్ర్’ రాశాడు. అక్కడా సవతితల్లి కోరికే. అయితే అబద్ధపు నింద రాణి స్థాయికి తగదని, దాన్ని దాది నోట పెట్టానని రాసీన్ ముందుమాటలో చెప్పుకున్నాడు. అంటే రాణి గౌరవాన్ని దాసి మోసింది. చిత్రాంగికి ఆ వెసులుబాటూ లేదు.

కథ కొన్ని రూపాల్లో చిత్రాంగి మొదట సారంగధరుడికి చూసిన సంబంధం. తండ్రి ఆమెని తనకి చేసుకున్నాడు. కొడుక్కి అనుకున్న పిల్లని కోరిన రాజు కోరిక పేరు పెళ్లి. ఆమె కోరిక పేరు పాపం. భర్తని ఎంచుకునే హక్కు లేని ఆమెకి దక్కిన అధికారం ఒక్కటే, రాజు చెవి. దానితోనే ఆమె ఒక మనిషిని నాశనం చేసింది. ఆమె చేసిన హింసని మనం కప్పిపుచ్చక్కర్లేదు. కానీ కత్తి ఎవరి ఆజ్ఞతో లేచిందో కూడా మర్చిపోకూడదు.

19వ శతాబ్దం చివర ధర్మవరం రామకృష్ణమాచార్యులు దీన్ని ‘విషాద సారంగధర’ నాటకం చేశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దానికి పేరు. ఆ విషాదం ఎవరిదో పేరులోనే తేలిపోయింది.

కృష్ణా డెల్టాలో ఆ కోరికకి రంగస్థలం మీద గొంతునిచ్చిన వాళ్లలో బాపట్లలో పుట్టి, తెనాలి నాటకరంగంలో వెలిగిన స్థానం నరసింహారావు ఒకరు. స్త్రీ పాత్రలకి పేరుపడ్డ ఆయనకి 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవానికి ఆయన అర్హుడే. మగవాడి ఒంటిమీద ఆడదాని కోరిక కళ అయింది. రంగస్థలం ఎక్కిన ఆడవాళ్ల విషయంలో మాత్రం పాత్రనీ, బతుకునీ ఒకే గాట కట్టారు. 1957 సినిమాలో భానుమతి చిత్రాంగి అయ్యేసరికి కథ ఎప్పుడో తీర్పు చెప్పేసింది.

ఆ తీర్పు ఇంకా నడుస్తోంది. ఆడది ఫిర్యాదు చేస్తే ‘కాదన్నాడని కక్ష కట్టిందేమో’ అనే మాట మొదట వస్తుంది. ఆ అనుమానానికి వందల ఏళ్లుగా కథలు బలమిచ్చాయి. చిత్రాంగి నిర్దోషి అని వాదించడం కాదు మన పని. ఒక్క చిత్రాంగిని సాక్ష్యంగా చూపి అందరు ఆడవాళ్ల మాటనీ కొట్టిపారేసే అలవాటుని ప్రశ్నించాలి. విచారణ లేకుండా శిక్ష వేసిన రాజుని, నాలుగు శతాబ్దాలు ఆలస్యంగానైనా, బోనులో నిలబెట్టాలి.