మీటింగు బయట కూర్చున్న భార్యలు

మా పిన్ని ప్రతి ఆదివారం సాయంత్రం ఒక స్కూలు ఆవరణలో వేపచెట్టు కింద సిమెంటు బెంచీ మీద కూర్చుంటుంది. లోపల గదిలో బాబాయి, ఇంకో పది పన్నెండు మంది మగవాళ్ళు గంటన్నర సేపు మాట్లాడుకుంటారు. తాగుడు మానినవాళ్ళూ, మానాలనుకుంటున్నవాళ్ళూ. బాబాయి మానేసి ఎనిమిది నెలలైంది. మొన్న పిన్ని ఫోన్‌లో అడిగింది, "ఆయన లోపల అంతా చెప్పుకుని తేలిగ్గా బయటికొస్తాడే. ఇరవై రెండేళ్ళు పడినదాన్ని, నేనెక్కడ చెప్పుకోనూ?"

నా దగ్గర జవాబు లేక, అసలు ఈ మీటింగులు ఎలా మొదలయ్యాయో చదవడం మొదలుపెట్టాను. చూస్తే మా పిన్ని ప్రశ్న అందులోనే ఉంది.

కథ అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ ఊళ్ళో మొదలైంది. 1935 మే నెల. బిల్ విల్సన్ న్యూయార్క్ షేర్ మార్కెట్లో బతికి చెడినవాడు. తాగుడు మాని ఐదు నెలలే. ఏదో కంపెనీ పని మీద ఆక్రన్ వచ్చాడు, ఆ పని బెడిసికొట్టింది. శనివారం సాయంత్రం మేఫ్లవర్ హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు. ఒకవైపు బారు, నవ్వులు. ఇంకోవైపు టెలిఫోను. ఆ ఐదు నెలల్లో అతను ఎందరో తాగుబోతులకు నచ్చజెప్పాడు, ఒక్కడూ మానలేదు. కానీ నువ్వు మాత్రం తాగకుండా ఉన్నావు కదా అని గుర్తు చేసింది అతని భార్య లోయిస్. ఆ మాటే అక్కడ పనికొచ్చింది. మాట్లాడ్డానికి తనలాంటివాడు ఒకడు కావాలనుకుని, ఊళ్ళోని ఒక చర్చి పాస్టరుకు ఫోన్ చేశాడు. ఆయనిచ్చిన పేర్లన్నిటికీ ఒక్కొక్కటిగా ఫోన్ చేసుకుంటూ పోయాడు.

చివరికి రమ్మన్నది హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆవిడ. ఆవిడకు తాగే అలవాటు లేదు. స్నేహితురాలు ఆన్ స్మిత్ భర్త, సర్జన్ డాక్టర్ బాబ్, తాగుడుతో పాడైపోతున్నాడని మాత్రం తెలుసు. వెంటనే ఆన్‌కు ఫోన్ చేసింది. ఇవాళ కుదరదంది ఆన్. మర్నాడు మదర్స్ డే అని ఆయన ఒక కుండీ మొక్క పట్టుకొచ్చి, ఆ పక్కనే మత్తులో పడి ఉన్నాడు! మర్నాడు సాయంత్రం ఐదింటికి ఆన్ అతన్ని బయల్దేరదీసింది. పావుగంట కంటే ఉండనని షరతు పెట్టి వచ్చిన డాక్టరు రాత్రి పదకొండు దాటేదాకా కదల్లేదు. ఆయన చివరిసారి తాగిన జూన్ 10నే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కపెడతారు.

పుట్టించినవాళ్ళుగా ఆ ఇద్దరు మగవాళ్ళ పేర్లే చెప్తారు. ఆ వేసవంతా బిల్‌కు ఆన్ తన ఇంట్లో అన్నం పెట్టింది. బ్రూక్లిన్‌లో లోయిస్ డిపార్ట్‌మెంట్ స్టోర్లో ఉద్యోగం చేసి ఇల్లు నడిపింది. అదీ ఆవిడ పుట్టిల్లే. తర్వాత ఆ ఇంటి హాల్లోనే మీటింగులు. ఇంట్లోనే మకాం వేసిన తాగుబోతులకు వండిపెట్టింది కూడా ఆవిడే.

ఒకరోజు బిల్ మీటింగుకు టైమవుతోంది, త్వరగా రమ్మన్నాడు. లోయిస్ చేతిలో ఉన్న చెప్పు విసిరికొట్టింది. 1918లో పెళ్ళైన దగ్గర్నుంచీ మానితే చాలని మొక్కుకున్న మనిషి, మానాక ఎందుకంత కోపం? తర్వాత ఆవిడే ఒప్పుకుంది: ఇన్నేళ్ళు తను మాన్పించలేనిది ఎవరో ముక్కూ మొహం తెలీనివాళ్ళు మాన్పించారని ఉక్రోషం. ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చున్నాను. 1939లో వాళ్ళ పుస్తకం వచ్చినప్పుడు భార్యల కోసం రాసిన అధ్యాయాన్ని కూడా, భార్య మాట్లాడుతున్నట్టుగా, బిల్లే రాసేశాడు. లోయిస్ తనకిస్తాడనుకుంది. ఆ నొప్పి చాలా ఏళ్ళు ఉండిపోయింది. ఉండదూ మరి!

మొగుళ్ళు లోపల ఉంటే భార్యలు కార్లలోనో వంటగదిలోనో ఎదురుచూసేవారు. కాఫీలు కాస్తూ వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేవారు. అలా అక్కడక్కడా భార్యల గుంపులు ఏర్పడ్డాయి. 1951లో లోయిస్, ఆన్ అనే ఇంకో స్నేహితురాలు కలిసి అలాంటి 87 గుంపులకు ఉత్తరాలు రాశారు. అదే అల్-అనాన్. మగవాళ్ళ మీటింగు పుట్టిన పదహారేళ్ళకు! మొగుడి చేత ఎలా మాన్పించాలో అక్కడ నేర్పరు. అతని తాగుడుకు నువ్వు కారణం కాదు, దాన్ని ఆపడం నీ చేతిలో లేదు, నీ బతుకు నువ్వు చూసుకో అంటారు. 1957లో పిల్లల కోసం కూడా వేరే గుంపులు వచ్చాయి.

మనవైపూ ఇలాంటి ఆడవాళ్ళున్నారు. మద్రాసులో శాంతి రంగనాథన్ తాగుడు వల్ల భర్తను పోగొట్టుకుని, 1980లో వైద్య కేంద్రం మొదలుపెట్టింది. ఆవిడకు 1992లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఊరి ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళారు. అదీ ఒక మీటింగే అంటాను నేను, కాకపోతే రోడ్డు మీద.

ఇదంతా పిన్నికి చెప్పాను. బాబాయి మీటింగులోనే అడిగితే ఇంటివాళ్ళ మీటింగు ఎక్కడో చెప్పారు. రెండు బస్సులు మారాలి. ఫీజేమీ లేదు, ఇంటిపేరు అడగరు. వచ్చే శనివారం తోడు వెళ్తున్నాను, గుమ్మందాకా.

"వెళ్ళి నోరు విప్పకపోతే ఊరుకుంటారంటావా?" అంది పిన్ని.

"ఊరుకుంటారట."

"అయితే వస్తాలే."