కారమడై సీమయు, పనిగంటల లెక్కయు

ఒక దేశపు ఆర్థికస్థితి నెఱుంగుటకు ధరలు, ఎగుమతులు, పన్నుల రాబడి మొదలగువానితోపాటు, జనులు వారమునకు సగటున నెన్ని గంటలు పనిచేయుదురను లెక్కయు నుపకరించును. అమెరికా ప్రభుత్వపు కార్మిక గణాంక శాఖ యీ లెక్కను బ్యాంకులు, బీమా సంస్థలు మొదలగు ద్రవ్యరంగమునకుగూడ నెలనెలయు ప్రకటించుచున్నది. అచట నది వారమునకు 37, 38 గంటల సమీపమున నుండును. ఇట్టి లెక్క మన కారమడై వంటి యూరి స్థితిని తెలుపగలదా యనునది విచార్యము.

కోయంబత్తూరునుండి మేట్టుపాళయము పోవు రైలుమార్గమున నున్న కారమడై, రంగనాథస్వామి కోవెలచే ప్రసిద్ధము. ఈ సీమ తెలుగువారు తరతరములుగా సేద్యము, నేత, వర్తకములచే జీవించిరి. 1888లో కోయంబత్తూరున తొలి నూలుమిల్లు వెలసెను. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లును స్థాపించెను. నాటినుండి గడియారమును, మిల్లు కూతయు జనుల దినచర్యను శాసింప నారంభించెను.

1922 నాటి చట్టము మిల్లుపనిని వారమునకు 60 గంటలకును, 1934 నాటి చట్టము 54 గంటలకును, 1946 నాటి సవరణము 48 గంటలకును పరిమితము చేసెను. ఇందొక విశేషము గలదు. 1932లో పైకారా విద్యుత్తు లభించినపిమ్మట కోయంబత్తూరున మిల్లులు వేగముగా పెరిగెను. అనగా చట్టము గంటలను తగ్గించిన దశాబ్దమునందే పరిశ్రమ వృద్ధిజెందెను. కావున గంటలు తగ్గుట యెల్లప్పుడును క్షీణతకు గుఱుతు కాదు; అవి యేల తగ్గెనో విచారింపవలెను.

మిల్లు యజమాని గిరాకి తగ్గినపుడు పనివారిని తొలగించుటకు ముందు గంటలను తగ్గించును. గిరాకి పెరిగినపుడు క్రొత్తవారిని చేర్చుకొనుటకు ముందు గంటలను పెంచును. అందుచేతనే అమెరికాలో రాబోవు స్థితిని సూచించు లెక్కలలో కర్మాగారపు గంటలకు చోటు దొరికినది. బ్యాంకు గుమాస్తా గంటలట్లు కావు. అవి ఒప్పందములచేతను, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము ననుసరించి ప్రకటింపబడు సెలవులచేతను నిర్ణీతములు. 2015 సెప్టెంబరునుండి రెండవ, నాలుగవ శనివారములు బ్యాంకులకు సెలవులయ్యెను. దానిచే గంటలు తగ్గినవిగాని, దేశసంపద తగ్గలేదు.

2016 నవంబరు 8వ తేది రాత్రి పెద్దనోట్ల రద్దు ప్రకటింపబడెను. 12వ తేది రెండవ శనివారమైనను, 13వ తేది ఆదివారమైనను బ్యాంకులు తెఱచియే యుండెను. గుమాస్తాలు ప్రొద్దుపోవువఱకు పనిచేసిరి. ద్రవ్యరంగపు గంటలను మాత్రము చూచినవాడు వ్యాపారము పొంగుచున్నదని భ్రమించియుండును. కాని అదే కాలమున కూలి చెల్లించుటకు నగదులేక, కోయంబత్తూరు సీమలోని చిన్న పరిశ్రమలు కష్టపడెను. బ్యాంకున గంట పెరుగుటయు, పనివాని గంట తఱుగుటయు నొక్కమాఱే సంభవించెను.

ఇంతకంటె ముఖ్యమైన లోపము వేఱొకటి. కారమడైకి దాపుననున్న సిరుముగై చేనేతకు పేరుగన్నది. మగ్గముపై కూర్చున్నవాని గంటలను వ్రాయు పట్టీ యేదియు లేదు. అతనికి కూలి నేసిన బట్టనుబట్టియే. ఇంటి స్త్రీ కండెలు చుట్టిన గంటలు, పిల్లలు నూలు సవరించిన గంటలు బట్టవెలలో కలిసిపోవును. ఆ గంటలు తగ్గినను పెరిగినను ఏ సగటును కదలదు. సగటు లెక్కలో చేరనివాని యాకలియు లెక్కలో చేరదు.

కావున పనిగంటల లెక్క నిరుపయోగమని చెప్పరాదు. ఎవరి గంటలు, ఎవరు నిర్ణయించినవి, ఎవరు వ్రాసినవి యను మూడు ప్రశ్నలు వేసినపిదపనే దానిని నమ్మవలెను. మన యిండ్లలోని పాత జమాఖర్చుల పుస్తకములును, నూలు తెచ్చిన తేదీలును, వృద్ధుల జ్ఞాపకములును నశింపకమునుపే సేకరింపబడినచో, ఈ సీమ తెలుగువారి శ్రమకు లెక్క యేర్పడును. బ్యాంకు గడియారము చెప్పలేని చరిత్ర యందున్నది.