పెట్టె కెమేరాయు పొరుగువారి ముఖమును

మన నెల్లూరు సీమలో ఏదైన పాత ఇంటి నడవలోనికి పోయి గోడవంక చూచినచో, దేవుని పటముల ప్రక్కన ఒక తాతగారి ఛాయాచిత్రము తరచుగా కనబడును. తలపాగా, భుజముపై ఉత్తరీయము, కుర్చీ వెన్నుపై ఆనించిన చేయి, రెప్పవేయక నిలిచిన కన్నులు. అవ్వగారి పటమేదని అడిగినచో ఇంటివారు ఒకరి ముఖ మొకరు చూచుకొందురు. అక్కడనుండి తూర్పుగా సముద్రపుటొడ్డుకు నడచి, జాలరుల పాలెములలోను యానాదుల గుడిసెలలోను విచారించినచో తాతగారి పటము సైతము దొరకుట అరుదు. ఆ ముఖములు చిత్రమునకు తగనివి కావు. వానిని తీయు పరికరము ఆ వాకిళ్ళకు చాలకాలము రాలేదు. అది ఎట్లు వచ్చినదో, వచ్చిన పిమ్మట మేము నేర్చుకొనవలసిన దేమి మిగిలినదో చెప్పుట ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

ఫ్రాన్సు దేశమున డాగేర్ అను నతని పద్ధతి లోకమునకు వెల్లడియైనది 1839లో. వెండిపూత పూసిన రాగిరేకుపై ఒక్కటే చిత్రము పడుచుండెను. దానికి ప్రతులు లేవు. ముఖము కదలకుండ తల వెనుక ఇనుపచట్ర మొకటి నిలిపెడివారు. 1851లో ఆర్చర్ అను ఆంగ్లేయుడు గాజుపలకపై కొలోడియను పూసి చిత్రము పట్టు మార్గము తెలిపెను. దానివలన ఎన్ని ప్రతులైన తీయుట సాధ్యమయ్యెను. కాని పలక తడి ఆరకముందే చిత్రము పట్టి, వెంటనే చీకటిలో కడుగవలెను. అందుకు వ్యవధి పది పదిహేను నిమిషములకు మించదు. మన ఎండలలో అదియు దొరకదు. కెమేరాతోపాటు గుడారము, మందుసీసాలు, గాజుపలకలు, నీళ్ళు, మోయుటకు మనుష్యులు కావలెను. ఇది గ్రామస్థుని వినోదము కాజాలదు.

ఆనాడు మన జిల్లా చెన్నపట్నపు రాజధానిలోనిది. 1856లోనే చెన్నపట్నమున ఛాయాచిత్రకారుల సంఘ మేర్పడెను. ఆ యేడే లినేయస్ ట్రైప్ అను సైనికోద్యోగి ప్రభుత్వ ఛాయాగ్రాహకుడుగా నియమింపబడెను. ఆయన కాగితపు నెగెటివులపై దక్షిణదేశపు ఆలయములను, కోటలను అద్భుతముగా తీసెను. వానిలో మనుష్యులు అరుదు. రాయి కదలదు, మనిషి కదలును. వెలుతురు చాలసేపు తగులవలసిన ఆ కాలమున కెమేరా రాతినే ఇష్టపడుట సహజము.

తరువాతి అర్ధశతాబ్దిలో మనుష్యులు కెమేరా ముందుకు వచ్చిరి. అయితే వారిలో రెండు తెగలవారే ఎక్కువ. మొదటివారు డబ్బిచ్చి తీయించుకొన్నవారు. 1854లో పారిస్ నగరమున డిస్డేరి ఒకే పలకపై ఎనిమిది చిన్న చిత్రములు పట్టు ఉపాయము కనిపెట్టి వెల తగ్గించెను. అయినను చిత్రశాలకు పోవలసినదే. తెర ముందు కూర్చుండవలసినదే. మన తెలుగునాట ఈ కళకు పేరు తెచ్చినవాడు రాజా దీన్ దయాళ్. నిజాము ప్రభువు కొలువులో ఉండి, 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా ఒక చిత్రశాల తెరచి, అందు చిత్రములు తీయుటకు ఒక ఆంగ్ల వనితను నియమించెను. అది మిక్కిలి మర్యాదగల ఆలోచన. కాని ఆ మర్యాద ప్రభువుల ఇండ్లవరకే చేరినది.

రెండవవారు తాము కోరకయే తీయబడినవారు. 1868 మొదలు 1875 వరకు భారతదేశపు జనులను గూర్చి ఎనిమిది సంపుటములు ఇంగ్లండున ప్రకటింపబడెను. నాలుగువందలకు పైగా చిత్రములు అందున్నవి. పిమ్మట చెన్నపట్నపు మ్యూజియము అధ్యక్షుడు థర్స్టన్ కొలతబద్దతో తలలు, ముక్కులు కొలిచి, రంగాచారిగారి తోడ్పాటుతో 1909లో దక్షిణదేశపు కులములపై ఏడు సంపుటములు వెలువరించెను. పులికాటు సరస్సు, శ్రీహరికోట ప్రాంతములయందు తరతరములుగా నివసించిన మన యానాదులును ఆ సంపుటములకు ఎక్కిరి. ఆ గ్రంథములలో సమాచారము చాల కలదు. మేము దానిని తేలిక చేయుటలేదు. కాని చిత్రముల క్రింద చాలచోట్ల కులము పేరు మాత్రమే ఉన్నది. ఆ మనిషి పేరు లేదు. కన్నులు మనవంకే చూచుచున్నవి. ఎవరి కన్నులో తెలియదు.

ఈ రెండు తెగలకును చెందని మూడవ మార్గమొకటి కలదు. అది పొరుగువానిని పొరుగువాడు తీయుట. కలకత్తాలో 1815లో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ అను ఆమెకు 48వ యేట, 1863లో, కూతురును అల్లుడును ఒక కెమేరా కానుకగా ఇచ్చిరి. ఆమె కోళ్ళగూటికి అద్దములు బిగించి చిత్రశాలగా మార్చెను; బొగ్గులకొట్టును చీకటిగదిగా చేసికొనెను. మహాకవులను తీసినట్లే ఇంటి దాసీలను తీసెను. చిత్రములు మసకగా ఉన్నవని పెద్దలు ఆక్షేపించినను ఆమె లెక్కసేయలేదు. అభిరుచితో పనిచేయువారికి ఆమె నేటికిని ఆదర్శము. అయినను ఒకమాట చెప్పవలెను. చివరి యేండ్లలో సింహళమునకు పోయి అక్కడి తోటకూలీలను తీసినప్పుడు ఆమెయు వారిలో పెక్కుమంది పేర్లు వ్రాసి ఉంచలేదు. పొరుగుతనము దూరమైనచోట పేరును దూరమగును కాబోలు.

పరికరము సామాన్యునికి అందుబాటులోనికి వచ్చినది 1900లో. అమెరికా దేశమున ఈస్ట్‌మన్ కంపెనీవారు బ్రౌనీ అను చిన్న పెట్టె కెమేరాను ఒక్క డాలరునకు అమ్మజూపిరి. ఆనాటి మారకపు లెక్కలో అది సుమారు మూడు రూపాయలు. అట్టతో చేసిన పెట్టె, ముందొక కటకము, ఒక మీట, వెనుక ఫిలిముచుట్ట. అంతకుమించి ఏమియు లేదు. మరుసటియేడు వచ్చిన రెండవ బ్రౌనీకై చేసిన 120 అను ఫిలిము నేటికిని దొరకుచున్నది. మన దేశమున తరువాతి దశాబ్దములలో ఆగ్ఫా క్లిక్ 3 అను కెమేరా విరివిగా అమ్ముడుపోయెను. దానిలో అదే ఫిలిముపై పండ్రెండు చదరపు చిత్రములు వచ్చెడివి. 1967 నుండి ఉదకమండలమున హిందూస్థాన్ ఫొటో ఫిలిమ్స్‌వారు ఇందు అను పేర ఫిలిము తయారుచేసిరి. ఆ కర్మాగారము తరువాత మూతపడినది గాని, ఒక తరమువారికి ఆ చుట్టతోనే చేయి తిరిగినది.

మేము 1970 ప్రాంతమున మైపాడుకు చేరువనున్న ఒక ఊరిలో, చేతులు మారిన పెట్టె కెమేరా ఒకటి సంపాదించి ఈ పనికి దిగితిమి. ఒక్క చుట్టకు ఎనిమిది చిత్రములు. మొదటి చుట్ట కడిగించి చూచుకొన్నప్పుడు మా గర్వము అణగినది. మూడింటిలో తలలు తెగినవి. రెండు వణకినవి. మిగిలినవానిలో మిట్టమధ్యాహ్నపు ఎండవలన కన్నులకు బదులు నల్లని గుంటలు పడినవి. ఒక్కొక్క చిత్రమునకు పైకము పోసినందున ఒక్కొక్క తప్పును బాగుగా జ్ఞాపకమున నిలిచినది.

నేర్చుకొన్న వాటిలో మొదటిది వెలుతురు. సముద్రతీరపు ఎండ ముఖమునకు శత్రువు. తీరపు నీడ మిత్రము. తాటాకు వసారా అంచున, ఆకాశమువైపు ముఖము పెట్టి మనిషిని కూర్చుండబెట్టినచో చెక్కిళ్ళపై మెత్తని వెలుగు పడును. ముందున్న తెల్లని ఇసుక క్రిందినుండి కొంత వెలుతురు విసరి కంటిగుంటల చీకటిని పోగొట్టును. ఇసుక లేనిచోట ఉతికిన పంచె నొకదానిని ప్రక్కన పట్టుకొన్నను చాలును.

రెండవది దూరము. పెట్టె కెమేరా కటకమును ముందుకు వెనుకకు జరుపుటకు వీలులేదు. ఏడెనిమిది అడుగుల కావల ఉన్నదే స్పష్టముగా వచ్చును. ముఖము పెద్దదిగా కావలెనన్నచో దానిముందు మరియొక కటకము పెట్టవలెను. చదువుకొను సులోచనములలోని ఒక నంబరు అద్దము అందుకు సరిపోవును. అప్పుడు సుమారు మూడు అడుగుల దూరము సరియైనది. మేము ఒక నూలుతాటికి ముడివేసి, దానిని కెమేరానుండి ముఖమువరకు పట్టి కొలిచెడివారము. చూచు కిటికీ ఒకచోట, కటకము మరియొకచోట ఉన్నందున దగ్గరనుండి తీయునప్పుడు తలపై కొంత ఖాళీ విడువవలెను. మా తెగిన తలల రహస్య మిదియే.

మూడవది నిలకడ. మీట నొక్కునప్పుడు ఊపిరి బిగబట్టుటకంటె, బోర్లించిన గంపపై కెమేరా నుంచుట మేలు. ఉప్పుగాలి కటకమును మసకపరచును గనుక ప్రతిదినము మెత్తని గుడ్డతో తుడువవలెను.

మెరుపుదీపము లేదే యని చింతింప నక్కరలేదు. మహాత్ముని అన్నమనుమడగు కనూ గాంధీ సేవాగ్రామమున బాపూజీని తీయదలచినప్పుడు ఆయన మూడు నియమములు పెట్టెను. మెరుపుదీపము వాడరాదు, నిలుచుండు మనియు కూర్చుండు మనియు కోరరాదు, ఆశ్రమమునుండి పైకము అడుగరాదు. కెమేరాకై నూరు రూపాయలు బిర్లాగారిచ్చిరి. ఆ నియమములలోనే ఆయన తీసిన చిత్రములు నేడు లోకమంతటను ప్రసిద్ధములు.

నాలుగవ పాఠము మాకు ఒక అవ్వ నేర్పినది. ఆమె ఎండుచేపలు అమ్ముకొను ముసలిది. కెమేరా చూపగానే మొగము త్రిప్పుకొని, "వద్దు నాయనా, ఆ పెట్టెలో పడితే ఆయుస్సు తగ్గుతుందంటారే!" అనెను. మేము నవ్వి ఊరకుంటిమి. పది పదిహేను దినములు ఆ దారినే పోవుచు, చేపలు కొనుచు, కుశలము లడుగుచుంటిమి. ఒకనాటి ఉదయమున ఆమెయే పిలిచి, "సరే, తీస్తే తీయి. నా బొమ్మ నాకిస్తావా?" అనెను. ఆ ప్రశ్నకు మేము సిద్ధముగా లేము. అంతవరకు తీసిన చిత్రములన్నియు మా పెట్టెలోనే దాచుకొంటిమి. తీయబడినవారి కొక్కటియు ఇచ్చి ఎరుగము.

పడవనీడలో ఆమెను కూర్చుండబెట్టి, తాటితో కొలిచి, ఒక్కటే చిత్రము తీసితిమి. ఆ రాత్రి వంటయిల్లు చీకటిచేసి, లాంతరునకు ఎర్రకాగితము చుట్టి, నెగెటివును చిత్రపు కాగితముపై అదిమి ప్రతి తీసితిమి. ఇంత పెద్ద నెగెటివులకు పెంచు యంత్ర మక్కరలేదు, అదియొక పొదుపు. హైపోలో ముంచి, దూరపు బావినుండి తెచ్చిన మంచినీటితో కడిగి ఆరబెట్టితిమి. వెనుక ఆమె పేరు, ఊరు, తేదీ వ్రాసి ఆమె చేతి కిచ్చితిమి. చాలసేపు చూచి, "మాయమ్మ లాగుండానే!" అనెను.

ఆమె మరి ఎనిమిదేండ్లు జీవించెను. పోయిన పిమ్మట ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఆ చిన్న చిత్రము అద్దపుచట్రములో, పూలదండతో గోడపై ఉండెను. ఆ ఇంట ఉన్న పెద్దల చిత్రము అదొక్కటే.

ఈ కథను ఇంతటితో ఆపినచో మాకు గౌరవముగానే ఉండును. కాని అదే వారమున, అదే పడవనీడలో, వల బాగుచేయుచున్న ఒక వృద్ధుని గూడ తీసితిమి. వెలుతురు చక్కగా కుదిరినది. మేము తీసిన వానిలో అదియే మేలైనదని మిత్రులందురు. ఆయనకు ప్రతి ఇయ్యలేదు. వెనుక పేరు వ్రాయలేదు. ఇటీవల ఆ చిత్రమును ఆ పాలెమునకు తీసికొనిపోయి అడిగితిమి. ఇద్దరు రెండు పేర్లు చెప్పిరి. మూడవవాడు తెలియదనెను. మేము సంపుటముల వారిని తప్పుపట్టితిమి; మా పెట్టెలోనే ఆ తప్పు ఇన్నియేండ్లుగా దాగియున్నది. వెల తక్కువ కెమేరా ఆ మనిషి ఎదుటకు మమ్ము చేర్చినది. పేరడుగవలసిన పని మాది. దానిని మేము చేయలేదు.

నేడు చేతిఫోనులోనే కెమేరా కలదు. ఫిలిము ఖర్చు లేదు, కడుగు శ్రమ లేదు. వేలకొలది ముఖములు అందులో పడుచున్నవి. కాగితముపైకి వచ్చునవి కొన్నియే, పేరుతో నిలుచునవి మరియు కొన్నియే. అభ్యాసము చేయగోరువారికి మా మనవి ఒక్కటి. వచ్చు ఆదివారమున మీ ఇంటనో, ప్రక్క ఇంటనో ఉన్న పెద్దవారిలో ఒకరిని అడిగి వసారాలో కూర్చుండబెట్టుడు. వెలుతురు చూచి, తొందరలేక ఒక చిత్రము తీయుడు. రెండు ప్రతులు వేయించి, రెండింటి వెనుకను వారి పేరు, ఊరు, తేదీ వ్రాసి, ఒకటి వారి కిండు. పేరును ఎట్లు వ్రాయవలెనో వారినే అడుగుడు.